ఆ ఫ్యాన్ గ్యాస్ సామానే

బ్రిటన్‌లో చలి మొదలై ఇళ్లలో హీటింగ్ వేసే రోజుల్లో చాలా బాయిలర్లు మొండికేస్తాయి. వేసవంతా స్నానాలకు కాసేపు వెలిగి ఆగిన యంత్రం మీద ఉన్నట్టుండి గంటల తరబడి పని పడుతుంది. అరిగిన భాగమేదైనా ఉంటే అప్పుడే బయటపడుతుంది. గోడకు తగిలించిన ఆ తెల్లపెట్టె ముందు భాగంలో ఒక కోడ్ వెలుగుతుంది. తయారుచేసిన కంపెనీని బట్టి అంకెలు మారతాయి కానీ, పుస్తకంలో దాని ఎదురుగా ఉండే మాట ఒకటే: ఫ్యాన్ లోపం. ఇక సలహాలు మొదలవుతాయి. రీసెట్ నొక్కు, పోతుంది. మళ్లీ వస్తే మళ్లీ నొక్కు. అప్పటికీ లొంగకపోతే ఆన్‌లైన్‌లో ఫ్యాన్ తెప్పించు. నాలుగు స్క్రూలు, రెండు ప్లగ్గులు, అరగంట పని. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లి, అక్కడ అద్దె ఇళ్లలో నలుగురైదుగురు కలిసి ఉంటున్న మన పిల్లలకు ఈ సలహా అందరికంటే ముందు అందుతుంది. ఇచ్చేవాళ్లు నిర్లక్ష్యపు మనుషులేమీ కారు. ఇంట్లో కరెంటు పనులు చక్కగా చేసుకోగలిగినవాళ్లు, స్నేహితుడి డబ్బు మిగల్చాలనుకునేవాళ్లు, అద్దెకున్నవాళ్లను ఎక్కువ రోజులు చలిలో ఉంచకూడదనుకునే ఇంటి ఓనర్లు కూడా ఇదే మాట చెబుతారు. అందరి వాదనకూ కింద ఉన్న నమ్మకం ఒక్కటే: ఫ్యాన్ అనేది కరెంటు సామాను, గ్యాస్ సామాను కాదు, కాబట్టి దాని జోలికి వెళ్లడం గ్యాస్ జోలికి వెళ్లడం కాదు. ఆ నమ్మకం తప్పు. అది తప్పని చెప్పడానికి భయపెట్టే కథలు అక్కర్లేదు, బాయిలర్ ఎలా వెలుగుతుందో చూస్తే చాలు.

బ్రిటన్ ఇళ్లలో ఇప్పుడున్న బాయిలర్లలో ఎక్కువ భాగం గది గాలిని వాడుకోవు. బయటి గాలినే పీల్చుకుని, కాలిన వాయువును బయటికే వదిలేలా వాటిని మూసి కట్టారు. ఆ రాకపోకలు ఫ్యాన్ తిరిగితేనే సాగుతాయి. కొంచెం పాతకాలపు ఫ్యాన్ బాయిలర్‌ను చూడండి. వేడి కావాలని థర్మోస్టాట్ అడగ్గానే దాని కంట్రోల్ బోర్డు మంట వెలిగించదు. ముందు ఎయిర్ ప్రెషర్ స్విచ్ అనే చిన్న భాగాన్ని పరీక్షిస్తుంది. ఫ్యాన్ ఇంకా తిరగడం లేదు కనుక ఆ స్విచ్ తెరిచి ఉండాలి. అప్పటికే మూసుకుని ఉంటే, అంటే గాలి కదలకపోయినా కదులుతోందని చెబుతుంటే, దాని మాట నమ్మడానికి వీల్లేదు కాబట్టి బోర్డు అక్కడే ఆగిపోతుంది. తెరిచి ఉంటేనే ఫ్యాన్‌ను తిప్పుతుంది. తగినంత గాలి కదిలి స్విచ్ మూసుకున్నాకే నిప్పురవ్వ పుడుతుంది, గ్యాస్ వాల్వు తెరుచుకుంటుంది. మంట అంటుకుందో లేదో కొన్ని క్షణాల్లో తెలియకపోతే వాల్వు మళ్లీ మూసుకుంటుంది. ఈ వరుసను రూపొందించినవాళ్లు ఫ్యాన్ చెడిపోవడాన్నే కాదు, ఫ్యాన్ గురించి సాక్ష్యం చెప్పే స్విచ్ చెడిపోవడాన్ని కూడా ముందే ఊహించారు. మంటకు అనుమతి ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం ముఖ్యంగా ఈ రెండింటి మీదే నిలబడి ఉంది. అలాంటి భాగాన్ని గోడ మీది ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో సమానం చేసి మాట్లాడటం ఎలా కుదురుతుంది?

కొత్త బాయిలర్ల దగ్గరకు వస్తే ఆ నమ్మకానికి మిగిలిన కాస్త ఆధారమూ పోతుంది. 2005 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో కొత్తగా బిగించే గ్యాస్ బాయిలర్ కొద్దిపాటి మినహాయింపులతో కండెన్సింగ్ రకమే అయి ఉండాలని భవన నిబంధనలు చెబుతున్నాయి. ఈ రకంలో చాలా మోడళ్లకు ఫ్యాన్ బర్నర్‌కు ముందే ఉంటుంది. గాలీ గ్యాసూ ముందుగా కలిసి, ఆ మిశ్రమం ఫ్యాన్ గుండా బర్నర్‌కు చేరుతుంది. గ్యాస్ వాల్వు తనంతట తాను గ్యాస్‌ను నెట్టదు; ఫ్యాన్ లాగే గాలిని బట్టి గ్యాస్ వస్తుంది. ఫ్యాన్ వేగం పెరిగితే గ్యాస్ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. అందుకే అందులో వేగాన్ని కొలిచి బోర్డుకు ఎప్పటికప్పుడు తెలియజేసే సెన్సర్ ఉంటుంది. అంటే ఈ బాయిలర్లలో ఫ్యాన్ గ్యాస్ ప్రవహించే దారిలో ఒక భాగం. దాన్ని ఊడదీయడమంటే ఆ దారిని విప్పడమే. తిరిగి బిగించేటప్పుడు మధ్యలో ఉండే గాస్కెట్ కొత్తది వేయాలా, ఉన్నది సరిగ్గా కూర్చుందా, స్క్రూలు ఎంత బిగువుగా ఉండాలి అన్నవన్నీ గ్యాస్ ప్రశ్నలే. ఆ సీల్ కాస్త జరిగినా కాలని గ్యాస్, గాలి కలిసిన మిశ్రమం పెట్టె లోపలికి చేరుతుంది. గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు మీథేన్ అంటుకుంటుంది. బర్నర్‌కు పంపే మిశ్రమాన్ని ఆ హద్దుల్లో ఉండేలాగానే కలుపుతారు. ఊడిన ప్లగ్గు తిరిగి పెట్టినంత తేలికగా ఈ పనిని చెప్పేవాళ్లు ఫ్యాన్‌లోంచి ఏం పోతోందో ఒక్కసారి ఆలోచించాలి.

కోడ్ విషయంలో ఇంకో పొరపాటు ఉంది. ఫ్యాన్ లోపం అని పుస్తకంలో రాసి ఉంది కాబట్టి ఫ్యాన్ చెడిపోయిందని అనుకుంటారు. కోడ్ చెప్పేది అంతకన్నా తక్కువ: బోర్డు ఒక వేగం అడిగింది, ఆశించిన జవాబు రాలేదు. అంతవరకే. బేరింగ్ పట్టేసి ఉండవచ్చు. కనెక్టర్‌లో పచ్చగా తుప్పు పట్టి ఉండవచ్చు. బోర్డు నుంచే కరెంటు రాకపోవచ్చు. పాతరకంలో ప్రెషర్ స్విచ్‌కు వెళ్లే సన్నటి గొట్టం పగిలి ఉండవచ్చు, అందులో నీటిబొట్టు నిలిచి ఉండవచ్చు. బయట పొగగొట్టంలో పక్షి గూడు కట్టుకుని ఉండవచ్చు. వీటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది నీరు. కండెన్సింగ్ బాయిలర్‌లో కాలిన వాయువులోని ఆవిరి చల్లబడి ఆమ్లగుణం ఉన్న నీరుగా మారుతుంది. అది డ్రెయిన్ గొట్టంలోకి పోవాలి. పైనున్న ఫ్లూ, అంటే పొగగొట్టం, జాయింటు సరిగ్గా కూర్చోకపోతే ఆ నీరు బొట్టుబొట్టుగా కింద ఉన్న ఫ్యాన్ మీదో, వైర్ల మీదో పడుతుంది; ఫ్యాన్ చచ్చిపోతుంది; కోడ్ వస్తుంది. అరగంట సలహా విన్నవాడు కొత్త ఫ్యాన్ వేస్తాడు, బాయిలర్ వెలుగుతుంది, అందరూ సంతోషిస్తారు. జాయింటు మాత్రం అలాగే ఉంటుంది. నీరు కారుతున్న చోటు నుంచే కాలిన వాయువు కూడా వెలుపలికి వచ్చే వీలుంటుంది. చచ్చిపోయిన ఫ్యాన్ ఆ ఇంటికి ఒక హెచ్చరిక. కొత్త ఫ్యాన్ వేసి దాని నోరు మూయించారు.

ఇక్కడ ఎదుటివాళ్ల బలమైన వాదన ఒకటి ఉంది, దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. ఫ్యాన్ తిరగకపోతే బాయిలర్ గ్యాస్ తెరవదు కదా, కొత్త రకంలో ఫ్యాన్ నెమ్మదిస్తే గ్యాస్ కూడా తగ్గుతుంది కదా, అలాంటప్పుడు పదిసార్లు రీసెట్ నొక్కితే వచ్చే ప్రమాదమేంటి అంటారు. మొదటి సగం నిజమే. పూర్తిగా ఆగిపోయిన ఫ్యాన్, పాడవని స్విచ్, పాడవని బోర్డు ఉన్న బాయిలర్‌లో రీసెట్ నొక్కినందువల్ల ఏమీ కాదు. బాయిలర్ మళ్లీ వద్దంటుంది, అంతే. కానీ ఆ మూడూ అలా ఉన్నాయని నొక్కేవాడికి ఎలా తెలుసు? కోడ్ వచ్చిందంటేనే ఆ గొలుసులో ఎక్కడో ఒక లింకు తెగింది. ఏ లింకో తెలియకుండా మిగతావన్నీ భేషుగ్గా ఉన్నాయని అనుకోవడం మీదే ఈ ధీమా అంతా ఆధారపడి ఉంది. పైగా పూర్తిగా ఆగిన ఫ్యాన్ కంటే ఆగీ ఆగనట్టున్న ఫ్యాన్ ఎక్కువ చిక్కు. అది మూడోసారో నాలుగోసారో తిరుగుతుంది, బాయిలర్ వెలుగుతుంది, నొక్కినవాడు గెలిచాననుకుంటాడు. ఆ గెలుపుతో వారాల తరబడి నడుపుతాడు. వెలిగే ముందు లోపల మిగిలిన గ్యాస్‌ను ఊడ్చేయడం కూడా ఫ్యాన్ పనే. ఆ ఊడ్పు బలహీనపడితే మంట ఆలస్యంగా, ఒక్క దెబ్బతో అంటుకునే వీలుంటుంది. పుస్తకం ఒక్కసారి రీసెట్‌కు అనుమతిస్తే ఒక్కసారి నొక్కండి. మళ్లీ అదే కోడ్ వస్తే బాయిలర్ తన మాట తాను చెప్పేసినట్టే.

ఈ ధోరణి ఇంకో మెట్టు దిగితే ప్రెషర్ స్విచ్ రెండు వైర్లనూ కలిపేసి బాయిలర్‌ను మోసం చేయమనే సలహా వస్తుంది. తాత్కాలికంగా, ఇంజినీరు వచ్చేదాకా, రాత్రి గడిచేదాకా అంటారు. రక్షణ పరికరాన్ని తప్పించి బాయిలర్ నడిపితే ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు. 2006 అక్టోబరులో గ్రీస్‌లోని కోర్ఫూ ద్వీపంలో, సెలవులకు వెళ్లిన బ్రిటన్ కుటుంబంలోని ఏడేళ్ల పాప, ఆరేళ్ల తమ్ముడు హోటల్ బంగళాలో కార్బన్ మోనాక్సైడ్ పీల్చి చనిపోయారు. వాళ్ల తండ్రి, ఆయన వెంట వెళ్లిన స్నేహితురాలు ప్రాణాపాయం దాకా వెళ్లి బయటపడ్డారు. బంగళాను ఆనుకుని ఉన్న గదిలోని నీళ్ల బాయిలర్ నుంచి ఆ విషం లోపలికి వచ్చింది. దాని భద్రతా కటౌట్‌ను పనిచేయకుండా షార్ట్ చేసి ఉంచారని విచారణలో బయటపడింది. 2015లో ఇంగ్లండ్‌లో జరిగిన ఇంక్వెస్ట్ ఆ పిల్లల మరణాలను చట్టవిరుద్ధమైన హత్యలుగా తేల్చింది. అది ఇళ్లలో ఉండే ఫ్యాన్ బాయిలర్ లాంటిది కాదు, నిజమే. యంత్రాలు వేరైనా ఆలోచన ఒకటే: ఆపుతున్న పరికరాన్ని అడ్డంకిగా చూసి దాన్ని తొలగించడం. వేడినీళ్ల కోసమే ఎవరో ఆ కటౌట్‌ను తప్పించి ఉంటారు. ఆ పని తరువాత కూడా బాయిలర్ బాగానే నడిచి ఉంటుంది. ఈ రకం పనుల్లో ఉన్న ఘోరం అదే.

మన విషయంలో దీనికి తోడు మరో చిక్కుంది. సిలిండర్ ఉన్న ఇళ్లలో పెరిగిన మనకు గ్యాస్ ప్రమాదం అంటే వాసన. వాసన వస్తే రెగ్యులేటర్ తిప్పెయ్యాలి, కిటికీలు తెరవాలి, స్విచ్చులు ముట్టుకోకూడదు. చిన్నప్పటి నుంచీ విని ఒంటబట్టిన జాగ్రత్త అది, చాలా విలువైనది కూడా. వంటగ్యాస్‌లోనైనా, బ్రిటన్ పైపు గ్యాస్‌లోనైనా ఆ వాసన కావాలని కలిపిందే. కానీ సరిగ్గా కాలని మంటలోంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు, కంట్లో మంట లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు పైగా ఆత్రంగా దాన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, తల తిరగడం, నిస్సత్తువ. జ్వరం లేని ఫ్లూ జబ్బులా ఉంటుంది. ఇంట్లో అందరికీ ఒకేసారి రావడం, బయటికి వెళ్తే తగ్గి ఇంటికి రాగానే మళ్లీ రావడం దాని ఆనవాలు. వాసన రాలేదు కాబట్టి ఏమీ లేదనుకునే మనిషి ఈ లక్షణాలకు పారాసిటమాల్ వేసుకుని అదే గదిలో తలుపులేసుకుని పడుకుంటాడు. అలారం పెట్టాం కదా అని ధైర్యంగా ఉండేవాళ్లూ దాని లెక్క తెలుసుకోవాలి. యూరప్ ప్రమాణం ప్రకారం ఇంటి అలారం పది లక్షల పాళ్లలో 300 పాళ్లు ఉంటే మూడు నిమిషాల్లోపు మోగాలి. 50 పాళ్లయితే గంట దాటాక, గంటన్నరలోపు మోగుతుంది. 30 పాళ్ల దగ్గర రెండు గంటల దాకా మోగకూడదు. అంటే అది ప్రాణం కాపాడే చివరి అడ్డుకట్ట. బాయిలర్ సరిగ్గా కాలుతోందని ధ్రువీకరించే పరికరం కాదు.

సొంత ఇంట్లో సొంత చేత్తో చేసుకుంటే చట్టం ఏమంటుంది అని అడిగేవాళ్లున్నారు. గ్రేట్ బ్రిటన్‌లో ఇళ్ల గ్యాస్ పనికి వర్తించేవి 1998 నాటి గ్యాస్ భద్రతా నిబంధనలు. వృత్తిగా ఈ పని చేసేవాళ్లు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉండి తీరాలి. 2009 ఏప్రిల్‌లో కోర్గి అనే పాత రిజిస్టర్ స్థానంలో వచ్చిన నమోదు అది. జీతం లేకుండా తన ఇంట్లో తాను చేసుకునేవాడికి నమోదు అడగరన్న వాదనలో అక్షరాలా కొంత నిజముంది. కానీ అదే నిబంధన ఎవరు చేసినా సమర్థులై ఉండాలంటుంది. సమర్థత అంటే స్క్రూడ్రైవర్ పట్టడం కాదు. గ్యాస్ ఉపకరణం మీద పని ముగిశాక ఫ్లూ పనిచేస్తోందా, కాలడానికి గాలి అందుతోందా, పీడనమో వేడి మోతాదో సరిగ్గా ఉందా, భద్రంగా నడుస్తోందా అన్నవి అప్పటికప్పుడే పరీక్షించాలని అవే నిబంధనలు చెబుతాయి. కండెన్సింగ్ బాయిలర్‌లో అది కంటితో అయ్యే పని కాదు. ఫ్లూ గ్యాస్ అనలైజర్ కావాలి. లోపలికి పీల్చే గాలిని కొలిస్తే ఆక్సిజన్ 20.6 శాతానికి తగ్గకుండా, కార్బన్ డయాక్సైడ్ 0.2 శాతం కన్నా తక్కువగా ఉండాలి. లేకపోతే బయటికి పోవలసిన వాయువు లోపలి గాలిలో కలుస్తున్నట్టే. కాలిన వాయువులో కార్బన్ మోనాక్సైడ్‌కు, డయాక్సైడ్‌కు ఉన్న నిష్పత్తి సాధారణంగా 0.004 దాటకూడదు. ఈ అంకెలు తీయలేనివాడు ఫ్యాన్ బిగించగలడేమో కానీ, బిగించిన పని సురక్షితమని చెప్పలేడు. వీడియో చూసి చేసేవాడి పని బాయిలర్ వెలగడంతో అయిపోతుంది. ఇంజినీరు అసలు పని అప్పుడే మొదలవుతుంది.

ఇంజినీర్లు దోచుకుంటారన్న ఫిర్యాదును నేను కొట్టిపారేయను. బోర్డు చెడితే ఫ్యాన్ మార్చి, ఫ్యాన్ డబ్బూ బోర్డు డబ్బూ రెండూ తీసుకునేవాళ్లు లేకపోలేదు. విద్యార్థి జీవితంలో ఆ బిల్లు ఒక నెల తిండి ఖర్చు. దానికి మందు గట్టిగా అడగడం. ఫ్యాన్ దగ్గరకు కరెంటు వస్తోందో లేదో కొలిచారా, వేగం సెన్సర్ సంకేతం చూశారా, నీటి జాడలున్నాయా, పాత ఫ్యాన్ చూపిస్తారా, పని అయ్యాక అనలైజర్ ఇచ్చిన ప్రింటు ఇస్తారా అని అడగండి. మంచి ఇంజినీరు ఈ ప్రశ్నలకు చిన్నబుచ్చుకోడు. రాకముందే ధర, గంటకెంతో, భాగానికి గ్యారంటీ ఎంతో రాతలో తీసుకోవచ్చు.

అద్దెకున్నవాళ్లకైతే ఈ బిల్లు సాధారణంగా వాళ్లది కానే కాదు, కానీ చాలామందికి ఆ సంగతి తెలియదు. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఒప్పందాల్లో గదులను వేడిచేసే, నీళ్లు కాచే ఏర్పాట్లను మరమ్మతు చేయించే బాధ్యత 1985 నాటి ఓనర్లు-అద్దెదారుల చట్టం 11వ సెక్షన్ కింద ఇంటి ఓనరుది. ఏటా గ్యాస్ తనిఖీ చేయించి, 28 రోజుల్లోపు రికార్డు ప్రతి అద్దెకున్నవాళ్లకు ఇవ్వడం కూడా ఆయన పనే. ఇంగ్లండ్‌లో 2022 అక్టోబరు నుంచి బాయిలర్ ఉన్న నివాసపు గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆయనే పెట్టాలి. ఇంతటి హక్కు ఉండగా అద్దెకున్న పిల్లాడు తన డబ్బుతో ఫ్యాన్ కొని, తనది కాని బాయిలర్ విప్పి, రేపు ఏదైనా జరిగితే బాధ్యత కూడా తన నెత్తిన వేసుకోవడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. ఓనరు ఫోన్ ఎత్తకపోతే, ఇల్లు ఖాళీ చేయమంటాడని భయమైతే ఏం చేయాలంటారా? కోడ్ ఫోటో తీసి తేదీతో సహా మెసేజో ఈమెయిలో పంపండి. మాట కంటే రాత నిలుస్తుంది. కదలిక లేకపోతే స్థానిక కౌన్సిల్‌లో పర్యావరణ ఆరోగ్య విభాగం ఉంది. ఇంగ్లండ్‌లో ఇళ్ల ప్రమాదాలను కొలిచే పద్ధతిలో కార్బన్ మోనాక్సైడూ, విపరీతమైన చలీ రెండూ గుర్తించిన ప్రమాదాలే.

మరి ఇంజినీరు వచ్చేదాకా ఏం చేయొచ్చు? చేయదగ్గది కొంత ఉంది, అదంతా పెట్టె బయటే. కోడ్ రాసుకోవచ్చు. ప్రీపే మీటరులో డబ్బుందో లేదో చూడొచ్చు. నీటి పీడనం పుస్తకం చెప్పినంత, సాధారణంగా ఒకటి నుంచి ఒకటిన్నర బార్ దాకా, ఉందో చూడొచ్చు. బయట ఫ్లూ మూతికి ఏదైనా అడ్డం పడిందేమో నేల మీద నిలబడి చూడొచ్చు. నిచ్చెనెక్కి కర్రతో పొడవకూడదు. ముందు కవరు తీయకూడదు, ఎందుకంటే చాలా మోడళ్లలో ఆ కవరే గదికీ మంటకూ మధ్య సీల్. కోడ్ మళ్లీ వస్తే పక్కనున్న స్విచ్ ఆపేసి వదిలేయాలి. చలికి గోడ సాకెట్‌కే నేరుగా పెట్టిన ఎలక్ట్రిక్ హీటర్ వాడొచ్చు. గది వేడి కోసం గ్యాస్ పొయ్యి వెలిగించి ఉంచడం, బొగ్గు కుంపటి లోపలికి తేవడం మాత్రం తప్పించుకున్న ప్రమాదాన్నే వేరే దారిన పిలవడమవుతుంది. గ్యాస్ వాసన వచ్చినా, అలారం మోగినా, ఇంట్లో అందరికీ తలనొప్పి మొదలైనా లెక్క మారిపోతుంది: వీలైతే మీటరు దగ్గర గ్యాస్ ఆపి, తలుపులు తెరిచి, బయటికొచ్చి, 0800 111 999కి ఫోన్ చేయాలి. ఆ నంబరు పగలూ రాత్రీ పనిచేస్తుంది. లక్షణాలుంటే వైద్యుడికి కార్బన్ మోనాక్సైడ్ అనుమానం ఉందని నోరు తెరిచి చెప్పాలి, రక్తపరీక్ష ఆలస్యం కాకూడదు.

ఇక ఓనరు తనకు తెలిసిన పనివాణ్ని పంపుతానంటే, రాకముందే గ్యాస్ సేఫ్ లైసెన్సు నంబరు అడగండి. తలుపు దగ్గర కార్డు చూడండి. ముందు వైపు ఫోటో, గడువు తేదీ ఉంటాయి. వెనక వైపు ఏయే పనులకు అర్హత ఉందో రాసి ఉంటుంది, అందులో బాయిలర్లు ఉన్నాయో లేదో చదవండి. నంబరు రిజిస్టర్‌లో సరిచూసుకోవచ్చు. కార్డు లేనివాడు ఎంత నేర్పరి అయినా, ఎంత మర్యాదస్తుడైనా, బాయిలర్ ముట్టుకోవద్దని చెప్పి పంపేసి, ఆ సంగతి ఓనరుకు అదే రోజు రాతలో తెలియజేయండి.